దీపం కాదు, ద్వీపం

మా మరిది గురించి చెడుగా చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ చెడు వదిలేస్తే చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఇంట్లో సజావుగా నడుస్తున్న వస్తువు కనిపిస్తే అతని చేతులు ఊరుకోవు. మిక్సీ మోత తగ్గిస్తానని విప్పాడు. మోత పూర్తిగా పోయింది, మిక్సీతో సహా. ఉద్యోగం ప్రింటింగ్ ప్రెస్‌లో. అచ్చుకు వెళ్లేముందు తప్పులు దిద్దడం. యంత్రాల పక్కన కూర్చుని ఊళ్లోవాళ్ల తప్పులు దిద్దీ దిద్దీ, తప్పులనేవి ఊళ్లోవాళ్లే చేస్తారని ఒక నిర్ణయానికి వచ్చేశాడు.

ఒక ఆదివారం మా అత్తగారి చెల్లెలు పెన్‌డ్రైవ్ ఇచ్చి వెళ్లింది. అందులో ఆవిడ డౌన్‌లోడ్ చేసుకున్న డిటెక్టివ్ సీరియల్. సముద్రం మధ్య లైట్‌హౌస్, దాని కాపలాదారు హత్య.

"చంపిందెవరో చెప్పకుండా వెళ్లిపోయింది మహాతల్లి," అంటూ అత్తగారు టీవీ ముందు కూర్చున్నారు.

బొమ్మ వచ్చింది. మాట రాలేదు. ఇన్‌స్పెక్టర్ పెదవులు కదుపుతున్నాడు. హంతకుడి పేరు చెప్పేస్తున్నా మాకు తెలిసే దారి లేదు.

"కన్వర్ట్ చెయ్యాలి వదినా. నాకు తెలుసు," అంటూ మరిది ల్యాప్‌టాప్ తెచ్చాడు. ఫైలు పేరు చివరి అక్షరాలు చెరిపేసి, అక్కడ ఎంపీ ఫోర్ అని టైపు చేశాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"పేరు మారిస్తే సరిపోతుందా?"

"నువ్వు మా ఇంటికొచ్చాక ఇంటిపేరు మారలేదా? ఇదీ అంతే."

"పేరే మారింది. నేను మారలేదుగా!"

ఫైలూ మారలేదు. వాల్యూమ్ పెంచాడు. ఇంకా పెంచాడు. ఆఖరి గీత దాకా పెంచి, విసుగొచ్చి పెన్‌డ్రైవ్ పీకేశాడు. టీవీ తనంతట తాను వార్తల ఛానల్‌కి వెళ్లిపోయింది. వార్తలు చదివే ఆవిడ అరుపుకి కిటికీ అద్దాలు గజగజలాడాయి.

కాలింగ్ బెల్ మోగింది. నేను తలుపు తీశాను.

పై వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి. బయట వాన, మెట్లు దిగేలోపు జుట్టు సగం తడిసింది. నుదుటి మీద నీటిచుక్క జారాలా వద్దా అని ఆలోచిస్తోంది.

"ఏమీ అనుకోకండి. ఈ ఇంట్లో ఎవరికైనా వినపడదా?" అని అడిగింది.

అది వెటకారం కాదు. ఆ అమ్మాయి చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుందట. అందుకే మా అత్తగారు ఆమెకు అక్కడికక్కడే చెవుల డాక్టరని పేరు పెట్టేశారు.

"బాబూ, కొంచెం తగ్గిస్తారా?" అంది మరిదిని చూసి.

అతను రిమోట్ పట్టుకుని, నోరు తెరుచుకుని, ఆ నీటిచుక్కనే చూస్తున్నాడు. ఉలకడు, పలకడు. నేనే లాక్కుని తగ్గించాను.

"ఈయన ఏం పని చేస్తారు?"

"ప్రెస్‌లో అమ్మా, మిషన్ల పక్కనే. చదువైనప్పట్నుంచీ అక్కడే," అన్నారు అత్తగారు.

ఆ అమ్మాయి ముఖంలో జాలి చూశాను. గబగబా వచ్చి మరిదికి ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదుపుతూ అడిగింది.

"మీకు... నా మాట... అర్థమవుతోందా?"

మరిది తల ఊపాడు. పెళ్లై ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి అతను ఒకరి మాటకి అంత వినయంగా తల ఊపడం నేను చూడలేదు.

"పేరు మారిస్తే లోపల ఏమీ మారదండీ," అంది, అత్తగారు సీరియల్ గొడవ చెబితే ల్యాప్‌టాప్ చూసి. "దీంట్లో బొమ్మ మీ టీవీకి పడుతుంది. శబ్దమే వేరే రకంలో ఉంది. అదొక్కటీ కన్వర్ట్ చేస్తే చాలు. మా పేషెంట్ల కోసం చేసే వీడియోలకీ ఇదే గొడవ. నేను మార్చి ఇస్తాను."

ఆవిడ వెళ్లాక మరిదిని నిలదీశాను. "నీకు చెవుడని ఎందుకు చెప్పావు?"

"నేనెక్కడ చెప్పాను?"

"కాదని ఎందుకు చెప్పలేదు?"

"ఆవిడ అడగలేదుగా."

మా ఇంట్లో అందరం అరిచే మాట్లాడుకుంటాం కాబట్టి ఆ అమ్మాయికి అనుమానం వచ్చే వీలే లేదు. నేనెందుకు నోరు మూసుకున్నానంటారా? చంపిందెవరో తెలుసుకోవాలన్న తహతహ అత్తగారిది. ఇతనెంత దూరం వెళతాడో చూడాలన్న తహతహ నాది.

తర్వాతి ఆదివారం మొదటి భాగం తెచ్చింది. మాట వచ్చింది. మాటతో పాటు బొమ్మ కింద తెలుగు అక్షరాలూ వచ్చాయి.

"ఇవేంటమ్మా?"

"ఈయన కోసం ఆంటీ. మాటలన్నీ విని టైపు చేశాను. విడిగా పెడితే మీ టీవీ తెలుగు అక్షరాలకి బదులు డబ్బాలు చూపిస్తోంది. అందుకని బొమ్మలోనే అచ్చయ్యేలా కన్వర్ట్ చేశా. కొంచెం టైం పట్టింది, అంతే."

మరిది ముఖం ఎర్రబడింది. ఇప్పుడైనా చెబుతాడనుకున్నాను. ఆ అమ్మాయి అతని వైపు తిరిగి, "చదవడానికి... వీలుగా... ఉందా?" అంది. అతను మళ్లీ వినయంగా తల ఊపాడు.

అలా ప్రతి ఆదివారం ఒక భాగం. వాన పడితే ఇద్దరూ వరండాలో నిలబడేవాళ్లు. వాన చప్పుడులో వినపడదేమోనని ఆ అమ్మాయి ఇంకొంచెం దగ్గరికి జరిగేది. అతను ఇంకొంచెం చెవుడు పెంచేవాడు. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. గిన్నెలు తోమినవే మళ్లీ తోమేదాన్ని.

"నిజం చెప్పెయ్," అన్నాను ఒకరోజు. "తనే కనిపెడితే బాగుండదు."

"చెప్తే ఇంకెందుకు వస్తుంది వదినా?"

"నీ కోసం రాదా?"

"నన్ను చూసి ఎవరొస్తారు? నోరు తెరిస్తే ఎదుటివాళ్ల మాటలో మూడు తప్పులు పట్టుకుంటానని నువ్వే అంటావుగా. ఆవిడ దగ్గర మాట్లాడట్లేదు కాబట్టే నేను నచ్చుతున్నానేమో."

నాకు నవ్వు రాలేదు. బాబు నిజంగానే మునిగిపోయాడు.

తర్వాతి భాగం ఆ అమ్మాయీ మాతోనే కూర్చుని చూస్తోంది. ఇన్‌స్పెక్టర్ ఒక పడవవాడిని ప్రశ్నిస్తున్నాడు. కింద అక్షరాలు, "ఆ రోజు దీపం దగ్గరికి ఎవరూ రాలేదు."

"అదీ! దీపం దగ్గరికి రాలేదంటే వంటవాడే చంపాడు," అన్నారు అత్తగారు, అక్షరాలకి అలవాటు పడి చెవులకి సెలవిచ్చేసిన మనిషి.

"దీపం కాదమ్మా, ద్వీపం!" మరిది కుర్చీలోంచి లేచిపోయాడు. "దకి వ ఒత్తు పడలేదు. పడవవాడు స్పష్టంగా ద్వీపం అనే అన్నాడుగా!"

గదిలో ఇన్‌స్పెక్టర్ ఒక్కడే మాట్లాడుతున్నాడు.

ఆ అమ్మాయి అతన్ని చూసింది. ఈసారి పెదవులు ఎక్కువ కదపలేదు. తల పక్కకి తిప్పుకుని, గొంతు బాగా తగ్గించి అడిగింది. "మీకు వినపడిందా?"

"పడింది," అన్నాడు, తప్పు దిద్దిన ఊపులోనే.

"మొదటినుంచీ?"

"నాకు వినపడదని నేనెప్పుడూ అనలేదండీ. మీరే అనుకున్నారు. అసలు ఆ రోజు..."

"అవును, నేనే అనుకున్నాను," అంది. "నా దగ్గరికి నిజంగా వినపడనివాళ్లు వస్తారు. పక్కవాళ్లు నవ్వితే ఎందుకు నవ్వారో తెలియక వాళ్లూ నవ్వుతారు. మీకు అలా కాకూడదని టైపు చేశాను." చెప్పులు వేసుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

అయినా ఇచ్చిన మాట తప్పలేదు. తర్వాతి ఆదివారం పెన్‌డ్రైవ్ తెచ్చి గుమ్మంలోనే అత్తగారి చేతికిచ్చింది. మాట ఉంది. అక్షరాలు లేవు.

"అక్షరాలేవమ్మా?"

"ఈ ఇంట్లో అందరికీ వినపడుతుందట ఆంటీ."

మిగిలింది చివరి భాగం. "దాన్ని నేను చేస్తాను," అన్నాడు మరిది. నాకు మిక్సీ గుర్తొచ్చింది. కానీ ఈసారి పేరు మార్చలేదు, కన్వర్ట్ చెయ్యడం నేర్చుకున్నాడు. శనివారం పొద్దున్నే కూర్చున్నాడు. ఒక వాక్యం వినడం, ఆపడం, టైపు చెయ్యడం, మళ్లీ వెనక్కి తిప్పడం. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే ఎర్రబడ్డ కళ్లతో వచ్చాడు.

"ఇంత పనా వదినా ఇది? ఇంతసేపూ చేస్తే నాలుగు సీన్లు కూడా అవ్వలేదు. ఆవిడ అన్ని భాగాలు ఎలా చేసింది?"

"ఎలా చేసిందో నాకెందుకు? ఎవరి కోసం చేసిందో ఆలోచించు."

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఏదో అనబోయి, నా మాటలో తప్పు దొరక్క, తల దించుకున్నాడు.

ఆదివారం అత్తగారు మెట్ల కిందనుంచి కేకేశారు. "నువ్వు లేకుండా చంపిందెవరో చూడను తల్లీ. రా!"

వచ్చింది. నా పక్కన కూర్చుంది. మరిది వైపు చూడలేదు. టీవీలో బొమ్మ, మాట, కింద అక్షరాలు. ఒక్క ఒత్తు తప్పిపోలేదు. ఆ అమ్మాయి కనుబొమలు కొంచెం పైకి లేచాయి.

చివరికి ఇన్‌స్పెక్టర్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టాడు. "తప్పు చేసినవాడు ఈ గదిలోనే ఉన్నాడు," అన్నాడు.

కింద అక్షరాలు అక్కడితో ఆగలేదు. "తప్పు చేసినవాడు ఈ గదిలోనే ఉన్నాడు. అది నేనే. మొదటి రోజునుంచీ మోసం చేశాను."

"అయ్యో! ఇన్‌స్పెక్టరే చంపాడా!" అని అత్తగారు గుండెలు బాదుకున్నారు.

ఆ అమ్మాయి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని నేను కంగారుగా వంగి చూశాను. నవ్వుతోంది.

మరిది టీవీ ఆపేశాడు.

"ఒరేయ్, చంపిందెవర్రా!"

"ఒక్క నిమిషం అమ్మా." లేచి ఆ అమ్మాయి ఎదురుగా నిలబడ్డాడు. "చదివారా అండీ?"

"చదివాను. అచ్చుతప్పు ఒక్కటీ లేదు," అంది, నవ్వు మింగేసి. "కానీ నాకేమీ వినపడలేదు."

అతను నేలకేసి చూస్తూ ఏదో గొణిగాడు.

"గొణిగితే మా పరీక్షలో లెక్కలోకి రాదండీ. నా ముఖం చూసి చెప్పండి," అంది, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

చూశాడు.

"వినపడుతుందని చెప్తే మీరు అటు తిరిగిపోతారని భయపడ్డాను. మీరు అనుకోవడంలో తప్పేమీ లేదు. తప్పు నాది," అన్నాడు. ఆ అమ్మాయి చెయ్యి ఇంకా చెవి దగ్గరే ఉండటం చూసి, వీధిలోవాళ్లకి కూడా అందేలా గొంతెత్తాడు. "తప్పు నాదేనండీ!"