మునిగే కట్టె

ఏరుమల రాజ్యంలో ఆ ఏడాది చలి మనుషులను మింగడానికే వచ్చింది. హిమకుక్షి అనే రాక్షసుడు కొండల మీద నుంచి పొగమంచులా దిగి వచ్చి, మంట కనిపించిన చోటల్లా నోరు పెట్టి నీళ్లు తాగినట్టు తాగేసేవాడు. తాగినకొద్దీ వాడి పొట్ట పెరిగేది, చలి రెట్టింపయ్యేది. రాజు కోనవర్మ వాణ్ని బెదరగొట్టాలని కోట ముందు పెద్ద పెద్ద మంటలు వేయించాడు. అవన్నీ తాగి రాక్షసుడు బురుజంత ఎత్తు ఎదిగాడు.

ఆ ఊళ్లో కట్టెలు కొట్టే సింహాద్రికి ఇద్దరు కూతుళ్లు. పెద్దది పైడమ్మ అప్పుడే ఆడపిల్లను కన్నది. బాలింత మంచం కింద కుంపటి ఆరకూడదన్నది అక్కడి ఆచారం. కానీ పైడమ్మ కుంపటిలో బూడిద తప్ప ఏమీ లేదు. పసికందు పెదాలు నీలంగా మారాయి. ఏడుపు కూడా మానేసింది.

చిన్నది నూకాలు బిడ్డ పాదాలను అరచేతుల్లో పెట్టుకుని రుద్దింది. వేడి పుట్టలేదు.

"అయ్యా, మన కట్టె బగ్గుమంటాది, బూడిదైపోతాది. నిప్పు నిలవదేటి?"

"బూరుగు కట్టె అంతేనమ్మా. ఏట్లో ఏస్తే అదే తేలుకుంటా ఇంటికాడికొస్తాది. తాతల కాడి నుంచీ అదే తెస్తన్నాం."

"గట్టి కట్టె తెస్తే?"

"మునిగిపోయే కట్టె ఎవుడిక్కావాలే, పిచ్చిదానా!"

ఆ రాజ్యంలో కట్టెలను ఎవరూ మోసేవారు కారు. ఎగువ అడవిలో నరికి ఏటిలో వదిలేవారు, దిగువన కొక్కేలతో లాక్కునేవారు. తేలిందల్లా కట్టె. మునిగేదాన్ని ఎవరూ కట్టె అనే అనుకోలేదు. ఒక్క పూట కూడా నిప్పు నిలవని చెత్తనే తరతరాలుగా పొయ్యిలో పెడుతున్నామని ఎవరికీ తట్టలేదు.

"బిడ్డని నీ గుండెకి అదుముకో అక్కా, నానొచ్చీదాకా," అని నూకాలు గొడ్డలి పట్టుకుని బయలుదేరింది.

ఏటి వెంబడి ఎక్కీ ఎక్కీ, మంచులో దారి తప్పి, చివరికి నల్లగా నిగనిగలాడే ఒక చెట్టు కనబడగానే గొడ్డలి ఎత్తింది. "ఆగే గుంటా!" అని ఎవరో అరిచారు. చూస్తే ఎలుగుబంటి. దాని మొహం గుమ్మడికాయలా ఉబ్బి, కళ్లు రెండూ సన్నటి గీతల్లా మిగిలాయి.

"అది జీడి. చలి కాగుదామని నాను దాన్నే మంటేసినాను. పొగ తగిలీసరికి ఇదిగో, నా ఆడదే నన్ను గుర్తుపట్టక తరిమేసింది."

"నవ్వొస్తంది మావా, కానీ నవ్వడానికి తీరిక లేదు. మా అక్క బిడ్డ చచ్చిపోతంది. నిప్పు నిలిచే కట్టె ఏదో సెప్పు."

ఎలుగుబంటి ముక్కు గోక్కుంది. "మా గుహ పక్కన చండ్ర చెట్టుంది. పిడుగు పడి నిలువునా ఎండింది. ఓ కొమ్మ అంటుకుంటే రాక్షసుడొచ్చి మంట తాగీసి ఎలిపోనాడు. ఆడు పోయినాక చూస్తే కొమ్మ లోపల ఎర్రగా నిప్పు! తెల్లారేదాకా ఉంది. మంట తప్ప ఆడికేటీ తెలీదు."

నూకాలు పరుగెత్తింది. చండ్ర మీద గొడ్డలి వేస్తే ఖంగుమంది, అంచు వంగిపోయింది. అప్పుడు చెట్టు పలికింది.

"మోసేవాళ్లకే నేను లొంగుతాను. నన్ను ఏటిలో వేసినా, దారిలో నేలకు దించినా తిరిగి వచ్చి ఇక్కడే అతుక్కుంటాను. మోస్తావా?"

"మోస్తాను తల్లీ."

దుంగ విరిగి ఆమె భుజం మీద పడింది. రాయి మోసినట్టే ఉంది. గొడ్డలిని అక్కడే వదిలేసింది. దారి పొడవునా ఏరు, "నా మీద పెట్టు, నేను మోస్తాగా," అని బతిమాలుతూనే ఉంది. నూకాలు రెండుసార్లు మోకాళ్ల మీద పడింది. దుంగను మాత్రం నేల తగలనివ్వలేదు. భుజం తోలు ఊడి రక్తం కారింది. బిడ్డ ఇంకా ఉందో లేదోనన్న భయం ఆ బరువు కంటే ఎక్కువైంది.

ఇల్లు చేరేసరికి బిడ్డ ఊపిరి దారంలా ఆడుతోంది. సింహాద్రి ఇంకో గొడ్డలితో దుంగను చీల్చాడు. ఎండుగడ్డి మీద పేర్చి చెకుముకి కొట్టగానే మంట లేచింది. ఆ మంట కనబడకుండా నూకాలు చిల్లుల కాగు బోర్లించింది. అయినా ఇంటి కప్పు ఎగిరిపోయింది. ఆకాశం నిండా హిమకుక్షి నోరే.

"వాసన వస్తోంది. మంట ఎక్కడే?"

"ఇంకా పక్వానికి రానేదు బాబూ. కాసేపాగు."

"నేను ఆగితే ఆ బిడ్డ ఆగదు!" అని వాడు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకే గోడల మీద మంచు పేరుకుంది. పైడమ్మ కేక పెట్టింది. నూకాలు కాగు ఎత్తలేదు. చిల్లుల్లోంచి మంట వెలుగు తగ్గి, ఎర్రని కాంతి నిలిచేదాకా పళ్లు బిగపట్టి కూర్చుంది. అప్పుడు తీసింది.

"మంటేదీ?"

"అడుగునుంది. గట్టిగా పీల్చు."

వాడు పీల్చాడు. నిప్పు కణికలన్నీ వాడి మంచు కడుపులోకి దూకాయి. మంటయితే గుటకలో ఆరేది. చండ్ర నిప్పు ఆరలేదు. హిమకుక్షి చెవుల్లోంచి ఆవిరి చిమ్మింది. వాడు కొండ వైపు పారిపోబోయి, దారిలోనే కరిగి, వెచ్చని నీరై ఏటిలో కలిసిపోయాడు.

కానీ నిప్పులు కూడా వాడితోనే పోయాయి! నూకాలు ఏడుస్తూ చేతులతో బూడిద కెలికింది. అడుగున సగం కాలిన చీలిక ఒకటి ఎర్రగా కనబడింది. దాన్ని కుంపటిలో వేసి మంచం కిందకు తోసింది. చాలాసేపటికి బిడ్డ కాలు కదిలింది. ఆ తర్వాత వీధంతా ఉలిక్కిపడేలా ఏడ్చింది. పైడమ్మ నవ్వుతూ ఏడ్చింది.

ఆ కుంపటిలోంచే ఊరంతా నిప్పు తీసుకెళ్లారు. రాజు స్వయంగా వచ్చి, "అడవి ఏలుబడి నీది. నీ మొదటి ఆజ్ఞ ఏమిటమ్మా?" అని అడిగాడు.

"బాలింత ఉన్న ఇంటికి ఎండిన చండ్ర కట్టె ఎవరో ఒకరు మోసుకెళ్లాలి మారాజా. ముందు తవరు."

మర్నాడు కోనవర్మ దుంగ కింద వంగి, కిరీటం పక్కకు జారి, రొప్పుతూ కొండ దిగుతున్నాడు. పిల్లలంతా ఈలలు వేస్తూ వెంటపడ్డారు.

"ఇంకెంత దూరమమ్మా?"

"భుజం మార్చుకోండి మారాజా," అంది నూకాలు. "ఆ ఇంట్లో కవల పిల్లలు. ఇంకో దుంగకి తవరు మళ్లీ ఎక్కాల."