కోడిగుడ్డు నీలం

"ఆగండి! తుడవకండి!" అని అరిచాను.

ఆవిడ చేతిలో రుమాలు గాల్లోనే ఆగిపోయింది. కొట్లో ఉన్న ఇద్దరు కస్టమర్లూ తల తిప్పి నన్ను చూశారు.

"నా కళ్ళజోడు నేను తుడుచుకోకూడదా?" అంది ఆవిడ.

అప్పుడు చూశాను. రుమాల్లో ఉన్నది కళ్ళజోడే. బయట వాన దంచికొడుతోంది, అద్దాల నిండా చినుకులు. తెచ్చిన ఆల్బమ్ ఇంకా సంచీలోంచి బయటికైనా రాలేదు.

"సారీ అండీ. పాత వెండి నాణేలు తెచ్చానన్నారు కదా. మా దగ్గరికొచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది కౌంటర్ మీద పెట్టేముందు ఓసారి రుద్ది మరీ ఇస్తారు. ఆ కంగారులో..."

"నేను రుద్దను," అంది. ఆ మాట అంత గట్టిగా ఎందుకందో నాకప్పుడు తెలీదు.

మా బాబాయిది నాణేల కొట్టు. అందులో నా పని భూతద్దం పెట్టి చూడటం, చీటీ రాయడం. చీటీలో మూడే ముక్కలుంటాయి. రంగేమిటి, సహజమా కాదా, అమ్మకానికి ఉందా లేదా. నాణేనికి రంగేమిటంటారా? వెండి నాణేన్ని ఏళ్ళ తరబడి కాయితం పొట్లంలో కదపకుండా ఉంచితే దాని మీద మెల్లగా రంగు కడుతుంది. ముందు లేత బంగారం, తర్వాత ఎరుపు, ఆ తర్వాత నీలం. తెలియనివాళ్ళు మకిలి అనుకుని తోమేస్తారు. తెలిసినవాళ్ళు ఆ రంగు కోసమే కొంటారు. ఒక్కసారి తోమితే ఇక అంతే సంగతులు.

ఆవిడ ఆల్బమ్ తెరిచింది. ఇరవై నాలుగు గూళ్ళు, ఇరవై నాలుగు నాణేలు.

"ముద్రించిన ఏళ్ళ వరసలో లేవే?" అన్నాను.

"రంగుల వరస. మా నాన్న వాచీలు బాగుచేసేవారు. ఇవన్నీ కూర్చడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఒక రంగుకీ పక్క రంగుకీ మధ్య సరిగ్గా సరిపోయేది దొరికేదాకా ఆ గూడు ఖాళీగానే ఉంచేవారు."

"మరి అమ్మడమెందుకండీ?"

"ఆయనకి చూపు తగ్గిపోతోంది. ముందు రంగులే పోతున్నాయి. కనబడనివాడి దగ్గర ఇవెందుకు, చూసేవాళ్ళ దగ్గరుండాలి అంటున్నారు. ఒకటే షరతు. విడగొట్టకూడదు. మొత్తం ఒక్కరికే ఇవ్వాలి."

వెనక కుర్చీలోంచి మా బాబాయి లేచొచ్చాడు. "డాక్టరమ్మ!" అన్నాడు. "ఇలాంటిది కొనాలంటే ఆవిడే కొనాలి. వచ్చే ఆదివారం వస్తానంది కూడా."

డాక్టరమ్మ మా పాత కస్టమరు. మనిషి మంచిదే కానీ నాణేల దగ్గర మహా గట్టిపిండం. ఒక్కదాని మీద అనుమానం వచ్చినా మొత్తం మూసి వెనక్కి తోసేస్తుంది. అందుకని ఆదివారంలోగా ఇరవై నాలుగింటికీ చీటీలు రాసే పని నాకు పడింది.

మర్నాడు నాలుగుంపావుకి స్కూలు వదలగానే ఆవిడ మళ్ళీ వచ్చింది. డ్రాయింగ్ టీచరట. నేను రాసిన మొదటి చీటీ తీసి చదివింది.

"పసుపా? దీన్ని చూసి పసుపని రాశారా?"

"పసుపు కాకపోతే మరేంటండీ?"

"మా మూడో తరగతి పిల్లలు కూడా ఇంతకన్నా బాగా చెప్తారు. ఇది ఎండుగడ్డి రంగు. పక్కది తేనె. ఆ పక్కది పాత పుస్తకంలో కాయితం అంచు. మూడూ పసుపేనంటే మా నాన్న ముప్ఫై ఏళ్ళు ఏం చేసినట్టు?"

"డాక్టరమ్మ గడ్డి కొనడానికి రావట్లేదు టీచర్ గారూ."

"అయితే మీరు చూసి చెప్పండి, నేను రాస్తాను. రంగులు మీ వల్ల కాదులెండి, భూతద్దం గారూ."

ఆ పేరు అలా ఖాయమైపోయింది. మా బాబాయి కూడా రెండో రోజుకల్లా "ఒరేయ్ భూతద్దం" అనడం మొదలుపెట్టాడు.

రోజూ వచ్చేది. నేను నాణేన్ని అంచులు పట్టుకుని దీపం కింద అటూ ఇటూ వంచేవాణ్ణి. తను తల దగ్గరికి తెచ్చి చూసి రంగు పేరు చెప్పేది. అలా దగ్గరికొచ్చినప్పుడు ఊపిరి బిగబట్టేది, నాణెం మీద తేమ పడకుండా. నేనూ బిగబట్టేవాణ్ణి గానీ నాణెం కోసం కాదు. రోజుకి ఐదు చీటీలు రాయగలను. కావాలనే నాలుగు రాసి, కళ్ళు లాగుతున్నాయని చెప్పేవాణ్ణి. మూడున్నర నించే గోడ గడియారం చూస్తున్నానని మా బాబాయి కనిపెట్టాడు.

"గడియారం బాగానే నడుస్తోందిరా. నువ్వే ఆగిపోతున్నావు," అన్నాడు.

ఒకరోజు పెన్సిల్ కోసం నా సొరుగు లాగి, అడుగున ఉన్న పొట్లం చూసింది. "ఇదేమిటి?"

విప్పి చూపించాను. నెమలి మెడ నీలం. రంగు సహజమని నా అంతట నేను తేల్చిచెప్పిన మొదటి నాణెం. ఆ రోజు మా బాబాయి దాన్ని నాకే బహుమతిగా ఇచ్చేశాడు.

"ఎంతకిస్తారు?"

"అమ్మకానికి లేదండీ. డాక్టరమ్మ రెండుసార్లు అడిగినా ఇవ్వలేదు."

"అబ్బో!" అంది. కానీ తిరిగిచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చింది.

శుక్రవారం పంతొమ్మిదో గూటి దగ్గరికొచ్చాం. అది నీలం. మొదటిరోజు పైపైన చూసి బాగుందనుకున్నాను. భూతద్దం పెట్టేసరికి అసలు సంగతి కనబడింది. రంగు అంచు నించి మెల్లగా పాకి రాలేదు, నడిమధ్యలో మచ్చలుగా కూర్చుంది. దాని కింద సన్నటి గీతలు, గుండ్రంగా, లెక్కలేనన్ని.

"ఏం, ఈ రంగుకి పేరు నేను చెప్పనా?" అంది తను. గొంతు ఎందుకో తేడాగా ఉంది.

"ఇది సహజం కాదండీ."

తను చేతిలో పెన్సిల్ కింద పెట్టేసింది.

"ఎవరో ముందు దీన్ని బాగా తోమారు. తర్వాత మళ్ళీ రంగు ఎక్కించారు. గీతలు కిందున్నాయి, రంగు పైనుంది. తెలిసి చేసిన పనే."

"అంటే మా నాన్న మోసగాడంటారా?"

"నేనలా అనలేదు..."

"తెలిసి చేసిన పనే అన్నారు కదా ఇప్పుడే!" తను ఆల్బమ్ మూసేసింది. "మీకు గీతలు తప్ప ఇంకేం కనబడవా?"

సంచీలో పెట్టుకుని వానలోకి వెళ్ళిపోయింది. గొడుగు మా కొట్లోనే ఉండిపోయింది.

మా బాబాయి ఆ గొడుగు తీసి మూల పెట్టాడు. "నువ్వు చెప్పింది నిజమే. అబద్ధం చీటీ రాస్తే నేనే నిన్ను బయటికి నెట్టేవాణ్ణి. కానీ ఒరేయ్, ముందు ఆ పిల్లకి ఓ కుర్చీ వేసి, కాసిని టీ ఇచ్చి చెప్పొచ్చు కదరా!"

శనివారం పొద్దున్నే గొడుగు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. రెండో అంతస్తు. తనే తలుపు తీసి, తల మీంచి నీళ్ళు కారుతున్న నన్నూ, నా చేతిలో ముడిచిన గొడుగునీ మార్చి మార్చి చూసింది.

"చేతిలో గొడుగు పెట్టుకుని తడిశారా?"

"మీది కదండీ. అడక్కుండా వాడటమెలాగా అని..."

నవ్వాపుకోబోయి ఆపుకోలేకపోయింది. అంతలోనే కళ్ళు నిండాయి. తన వెనక తలుపు దగ్గరగా వేసి మెట్ల మీద కూర్చుంది. నేను రెండు మెట్ల కింద కూర్చున్నాను.

"తోమింది నేనే," అంది. "తొమ్మిదేళ్ళప్పుడు. నాన్న పుట్టినరోజు. అన్నిట్లోకీ ముదురు రంగున్నది చూసి, పాపం మాసిపోయిందనుకుని పళ్ళపొడి పెట్టి తోమాను. తెల్లగా తళతళలాడుతూ వచ్చింది. ఎంత మురిసిపోయానో! పక్కింటి అక్క చూసి, అయ్యో, మీ నాన్నకి ఆ రంగంటేనే కదే ప్రాణం అంది."

"మరి నీలం?"

"గుడ్డు తిన్న వెండి చెంచా నల్లబడుతుందని కూడా ఆ అక్కే చెప్పింది. ఉడకబెట్టిన గుడ్డూ, నాణెమూ ఓ డబ్బాలో పెట్టి మంచం కింద దాచాను. మూడో రోజుకి నీలం వచ్చింది. తీసి గూట్లో పెట్టేశాను. అప్పట్నించీ నాన్న ఎవరికి చూపించినా, నా వరసలో ఈ నీలమే అందం అంటారు. అన్నప్పుడల్లా నేను చస్తూనే ఉన్నాను. మీ కంట పడకుండా పోతుందేమోనని రోజూ మీ పక్కనే కూర్చున్నాను."

"రోజూ వచ్చింది అందుకేనా?" అన్నాను. నాకు నిజంగానే బాధేసింది.

"మొదట్లో అందుకే," అంది నేల చూపులు చూస్తూ.

ఆ ఒక్క మాటకి తడిసిన చొక్కా సంగతి మర్చిపోయాను. అయినా చెప్పాల్సింది చెప్పాను. "చీటీ మాత్రం నేను మార్చి రాయలేను. దాన్ని వరసలోంచి తియ్యాల్సిందే. కానీ మీ నాన్నగారికి చెప్పాల్సింది మీరు. నేను కాదు."

"తీస్తే వరస తెగిపోతుంది. నాన్న అడుగుతారు. ముప్ఫై ఏళ్ళ వరస పాడుచేసింది నేనేనని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

"ఎవరమ్మా మెట్ల మీద? లోపలికి రమ్మను, తడుస్తారు," అని లోపల్నించి ఆయన పిలిచారు.

వెళ్ళాం. కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఆల్బమ్. వేళ్ళతో గూళ్ళు తడుముతున్నారు.

తను ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. "నాన్నా, నీలంది..." అంది.

"తోమావు," అన్నారాయన.

తను చటుక్కున తలెత్తింది.

"నీకు తెలుసా?"

"ఇల్లంతా మూడ్రోజులు గుడ్డు కంపే కదే తల్లీ! నాకు తెలియకపోవడమేంటి? డబ్బా తీసి చూశాను కూడా. చూసి మళ్ళీ అక్కడే పెట్టేశాను."

"తిట్టలేదేం?"

"తప్పు చేసి ఏడుస్తూ కూర్చోలేదు నువ్వు. బాగుచెయ్యాలని చూశావు. అంత చిన్నపిల్లవి. ఎలా తిట్టబుద్ధవుతుంది?" ఆయన చెయ్యి ఆమె తలను వెతికి పట్టుకుంది. "అమ్మేముందు నేనే తీసేద్దామనుకున్నాను. కానీ కొత్త ఆల్బమ్‌లోకి నువ్వు మార్చావు, గూళ్ళు మారిపోయాయి. ఆ కొసనున్నవన్నీ నాకిప్పుడు ఒకేలా ఉన్నాయి. ఏది అని నిన్నడిగితే నాకు తెలుసని నీకు తెలిసిపోతుంది. అందుకని ఊరుకున్నాను. కొట్లో అబ్బాయెవరో గట్టివాడంటే, వాడే పట్టుకుంటాడులే అనుకున్నాను."

తను ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన కాసేపు ఏడవనిచ్చారు.

"ఇన్నేళ్ళలో ఇంకో నీలం దొరకలేదా అంకుల్?" అనడిగాను.

"దొరక్కేం? రెండుసార్లు దొరికింది. కొనలేదు. గూడు ఖాళీగా లేదు కదా బాబూ."

నేను జేబులోంచి పొట్లం తీశాను. పొద్దున గొడుగుతో పాటు ఎందుకు తెచ్చానో నాకే సరిగ్గా తెలీదు. తెలీదంటే అబద్ధమే, తెలుసు. గుడ్డు నాణెం తీసి, నాది పంతొమ్మిదో గూట్లో పెట్టాను. అటు ఊదా, ఇటు ఆకుపచ్చ. మధ్యలో సరిగ్గా అమిరింది.

"ఎలా ఉందమ్మా?" అన్నారాయన.

తను కళ్ళు తుడుచుకుని చూసింది. చాలాసేపు చూసింది. "నెమలి మెడ నాన్నా. నువ్వు కొన్నట్టే ఉంది."

"దీనికేమివ్వమంటావు బాబూ?"

"మార్పిడి అంకుల్. ఆ గుడ్డు నాణెం నాకివ్వండి."

"అది కొట్లో ఎవరూ కొనరయ్యా. చెల్లని సరుకు."

"కొట్టు కోసం కాదు. నా కోసం."

ఆయన ముఖం నా వైపు తిరిగింది. చూపు తగ్గినా ఆ మనిషికి అన్నీ కనబడుతూనే ఉన్నాయి. "అయితే నన్నడుగుతావేంటి? చేసింది అదిగో, దాన్నడుగు."

నా చెవులు వేడెక్కాయి. తను తల దించుకుని నాణేన్ని అంచులు పట్టుకుని తిప్పుతోంది.

"గీతలున్నాయి భూతద్దం గారూ," అంది.

"తెలుసండీ. అన్నీ చూశాకే అడుగుతున్నాను."

"ఆదివారం అయ్యాక చెప్తాను."

మిగిలిన చీటీలు రాసి ముగించాక, ఆదివారం తను వాళ్ళ నాన్నగారిని కూడా కొట్టుకి తీసుకొచ్చింది. డాక్టరమ్మ పదింటికొచ్చింది. ఒక్కొక్కటే చూసింది, చీటీలు చదివింది. "ఎండుగడ్డి, తేనె... ఈసారి చీటీలు ఎవరో మనిషి రాశారే!" అంది. పంతొమ్మిది దగ్గర ఆగి, కళ్ళజోడు మీంచి నన్ను చూసింది. "నాకు రెండుసార్లు ఇవ్వనన్నది ఇదే కదూ?"

"అవునండీ. ఇప్పుడు దానికి చోటు దొరికింది."

ఆవిడ నన్ను చూసింది, నా పక్కన నిలబడ్డ డ్రాయింగ్ టీచర్నీ చూసింది. "ఓహో," అని మాత్రం అంది. మొత్తం తీసుకుంది. విడగొట్టనని మాటిచ్చింది. పెద్దాయన ఎప్పుడొచ్చినా ఆల్బమ్ ఒళ్ళో పెడతానంది. ఆయన రెండు చేతులూ జోడించారు.

అందరూ లోపల టీ తాగుతుంటే తను కౌంటర్ దగ్గరికొచ్చి నా ముందు ఓ చిన్న కాయితం పొట్లం పెట్టి, గుమ్మం దగ్గరికెళ్ళి వానకేసి తిరిగి నిలబడింది. విప్పాను. కోడిగుడ్డు నీలం. దాంతో పాటు చీటీ, మా కొట్టు చీటీయే, మూడు ముక్కలు తన దస్తూరీతో.

"రంగు: మూడు రోజుల భయం. సహజం కాదు. అమ్మకానికి లేదు, మీకిచ్చేశాను."

తలెత్తేసరికి తను నా వైపే చూస్తోంది. లోపల్నించి పెద్దాయన గొంతు వినబడింది.

"ఒరే అబ్బాయ్, ఏమంది? ఇకనైనా ఆ అంకుల్ మానేసి మావయ్యా అనొచ్చా?"

"అనొచ్చు మావయ్యా," అన్నాను.