జమ్ము తడిక ఎత్తు

ఏలూరులో జనపనార మిల్లు మొదటి కూత కూసేసరికి సారమ్మ పొయ్యి మీద గంజి కాగుతోంది. ముందు గదిలో ఆమె కొడుకు ఎజ్రా బల్ల తుడుస్తున్నాడు. ఆ గదే మిల్లు కూలీల సంఘం ఆఫీసు. ఒక బల్ల, రెండు బెంచీలు, నేలమీద చాపలు. ఎజ్రా దానికి కార్యదర్శి.

తలెత్తి చూస్తే, మూలన కొల్లేటి జమ్ముతో అల్లిన తడిక. నేలనుంచి దూలందాకా ఉంది. నిన్న లేదు.

"అమ్మా! ఇదెవరు కట్టారు?"

"నేనే. ఆడకూతుళ్లు కష్టం చెప్పుకోటానికి కాస్త చాటుండొద్దూ?"

"తలుపేసుకుని మాట్లాడేది మేనేజరు. మన సంఘంలో మాత్రం గుళ్లో సాక్ష్యం చెప్పినట్టు లేచి అందరి ముందూ చెప్పాలి. అప్పుడే జనం కదిలేది."

"దేవుడి ముందు చెప్పేది వేరు, మొగుడి ముందు చెప్పేది వేరురా."

ఎజ్రా వినలేదు. సభలు పెట్టేవాళ్లలో చాలామందికి వినడం చేతకాదు. కట్టెల దగ్గరున్న గొడ్డలి తీశాడు. సారమ్మ అడ్డం పడింది. ఒక్క తోపు తోశాడు. బెంచీ అంచు తగిలి ఆమె నుదురు చిట్లింది.

"వద్దురా! లోపల..."

గొడ్డలి తడికలో దిగింది. అవతల కేక. లాగి చూస్తే అంచున నెత్తురు. తడిక కూలింది.

వెనక అతని చెల్లెలు మార్తమ్మ. ఎడమ చేతికి వెదురుబద్దల కట్టు. కుడి భుజం మీద ఇప్పుడు పడ్డ గాయం.

"ఆగావేం అన్నయ్యా? ఈ చెయ్యి మా ఆయన విరిచాడు. ఆ చెయ్యి నీ వంతు."

ఎజ్రా గొడ్డలి దించాడు.

"మిల్లులో మేస్త్రీ నా మీద చెయ్యేసిన సంగతి ఆదివారం మీటింగులో నువ్వే లేపి చెప్పించావు. వెనక బెంచీలో మా ఆయన ఉన్నాడు. పరువు తీశానని తాటిమట్ట విరిగేదాకా బాదాడు."

"అంతా చప్పట్లు కొట్టారే..."

"చప్పట్లు నీకు. దెబ్బలు నాకు."

"నీ మొగుణ్ని, ఆ విశ్వాసంగాణ్ని నరికి పోగులు పెడతా!" ఎజ్రా వీధిలోకి దూకబోయాడు. సారమ్మ కాలు పట్టుకుని పిక్క మీద నెత్తురొచ్చేలా కరిచింది.

"నరికి జైలుకి పో! రేపు దీని గోడు వినేదెవడు? ముందు కూల్చింది నిలబెట్టు!"

గొడ్డలి జారింది. ఎజ్రా పంచె చింపి చెల్లెలి భుజానికి కట్టు కట్టాడు.

"నన్నూ ఒక దెబ్బ కొట్టవే."

"చేతులేవీ?" అంది మార్తమ్మ. ముగ్గురూ నవ్వబోయి ఏడ్చారు.

"ఇక ఆ ఇంటికి పోవద్దే. తడిక ఎంత ఎత్తు కట్టను?"

"దూలందాకా వద్దు. ఆ చాటున ఎవడు చంపినా మీకు కనపడదు. కూర్చుంటే మొహం దాగాలి. లేస్తే అందరూ కనపడాలి. లేవడం మాత్రం మా ఇష్టం."

సాయంత్రం మిల్లు వదిలాక కూలీలొచ్చారు. అప్పటికి మూలన తడిక ఛాతీ ఎత్తున మళ్లీ లేచింది. దానమ్మ అనే ఆమె గడపలో తటపటాయించి, మార్తమ్మతో తడిక వెనక్కి వెళ్లింది. మగాళ్లు చెవులు రిక్కించారు.

"ఏం వింటున్నారు? పాటెత్తండి!" ఎజ్రా గద్దించాడు.

పాట అయ్యాక తడిక పైన దానమ్మ తల లేచింది. పక్కనే మార్తమ్మ.

"మేస్త్రీ నా మీదా చెయ్యేశాడు. రాసుకో ఎజ్రా."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎజ్రా కళ్లు తుడుచుకుని లేచాడు.

"రాస్తానమ్మా. ముందు మేమంతా నీతో ఇంటిదాకా వస్తాం."