ఫిన్లో బండి ముందద్దంలో జోనీ

పీల్ ఊరు దాటి కొండెక్కే దారిలో రెండు పొగగొట్టాల ఇల్లు ఒకటుంది. పైకప్పు పోయింది, తలుపులు పోయాయి... పొగగొట్టాలు మాత్రం మొండిగా నిలబడే ఉన్నాయి. చీకటి పడ్డాక ఆ మలుపులో ఎవరూ బండి ఆపరు. పెట్రోలు అయిపోతే వెనక్కి తిప్పి, పల్లం వరకూ దొర్లించుకుంటూ పోతారు గాని, ఆపరు.

ఎందుకంటే — అక్కడ జోనీ ఉంటుంది.

ఆ ఇంటావిడ జోనీ పోయింది ఈనాడా? మా అమ్మమ్మ పుట్టకముందే పోయింది. తెల్లటి దుప్పటి కప్పుకుని, రెండు చేతులూ బార్లా చాచి, దారికి అడ్డంగా నిలబడుతుందంటారు. ఆపి ఏం చేస్తుందో ఎవరికీ తెలీదు. తెలియాలంటే ఎవరో ఒకరు ఆగాలి కదా!

మా దీవిలో గడపకో బండి. నేను రేవు వెనక వీధిలో బండ్లు బాగుచేసే షెడ్డు నడుపుతాను. ఈ కథ నాకు ఫిన్లో బాబాయ్ చెప్పాడు. కొంత నా కళ్లతోనే చూశాను.

ఫిన్లో ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఎత్తైన ముందద్దం ఉన్న పాత మోటారుసైకిలు ఒకటుంది — పెళ్లామైనా, పిల్లలైనా అదే. కొండకి అవతల ఆయన అక్క వోరీ ఒక్కతే ఉంటుంది. ఎనభై దాటాయి, చూపు సరిగా ఆనదు, పొయ్యి జోలికి వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని రోజూ సాయంత్రం ఐదింటికి తమ్ముడు ఉడికించిన బంగాళాదుంపలూ, ఉప్పుచేపా డబ్బాలో పెట్టుకుని కొండ దాటి వెళతాడు. ఇద్దరూ తింటారు, పోట్లాడుకుంటారు, ఈయన తిరిగొస్తాడు.

నవంబరు వచ్చింది. మాకు నవంబరులో నాలుగున్నరకే కళ్లు పొడుచుకున్నా కనబడదు.

ఆ సోమవారం కొండ మీంచి మంచు కిందికి పాకుతోంది. ఫిన్లో మలుపు దగ్గరికొచ్చాడు. పొగగొట్టాలు రెండూ కనబడ్డాయి. అప్పుడు —

టక్... టక్... టక్...

ఎవరో వేలి కణుపులతో అద్దం మీద కొడుతున్నట్టు.

"ఎవరది?" అందామనుకున్నాడు. బండి వేగం పెంచాడు.

మలుపు తిరిగాడు. అంతే... ఎదురుగా లేచి నిలబడింది. తెల్లగా. గుండ్రటి తల. బార్లా చాచిన చేతులు. బండి ఎడమకి తిప్పితే తనూ ఎడమకి... కుడికి తిప్పితే కుడికి... పైగా సన్నగా ఒక మూలుగు — ఊఁ... ఊఁ... ఊఁ...

ఫిన్లో బండి ఎలా వెనక్కి తిప్పాడో ఆయనకే గుర్తులేదు. చేప డబ్బా ఎక్కడ పడిందో కూడా చూడలేదు.

మర్నాడు గుండె చిక్కబట్టుకుని మళ్లీ వెళ్లాడు. మళ్లీ అదే టకటక, అదే మూలుగు, అవే చేతులు. మూడో రోజు వెళ్లనే లేదు.

"అక్కా, బండి బాగాలేదే" అన్నాడు ఫోన్లో.

"బండి బాగాలేదా, నువ్వు బాగాలేవా?" అంది వోరీ.

నాలుగు రోజులు ఆవిడ ఎండు రొట్టె నమిలింది. ఐదో రోజు విసుగెత్తి పొయ్యి వెలిగించబోయి చెయ్యి కాల్చుకుంది. ఆ రాత్రే నాకు ఫోన్ చేసింది.

"ఐలీష్, వాడు ఇంత పిరికివాడని నాకు తెలీదే. దేనికి జడుసుకున్నాడో కాస్త కనుక్కో. నా చెయ్యి కాలిందని మాత్రం చెప్పకు."

నేను పొద్దున్నే చెప్పేశాను. చెప్పకపోతే కదులుతాడా మరి!

బండి తోసుకుంటూ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. తలుపు వేయమన్నాడు. చెవిలో జరిగిందంతా గుసగుసగా చెప్పాడు. వింటూ వింటూ నేను ముందద్దం వైపు చూశాను.

"బాబాయ్, దీనికి శుక్లం వచ్చిందా ఏంటి?"

"నోర్ముయ్. రోజూ తుడుస్తాను దాన్ని!"

"దేంతో?"

"కిటికీ అద్దాల మందు కొట్టి, పొడి కాగితంతో గుండ్రంగా రుద్దుతా. పురుగులు ఎండిపోయి అంటుకుంటే గిన్నెలు తోమే పీచుంది కదా..."

నేను తలకొట్టుకున్నాను. ఆయన్ని బండి మీద కూర్చోబెట్టి లైట్లన్నీ ఆర్పేశాను. టార్చి పట్టుకుని షెడ్డు ఆ చివరికి వెళ్లి, ఆయన మొహం మీదికి వేశాను.

"అమ్మో! ఇక్కడికీ వచ్చిందే తల్లీ!"

టార్చి ఎడమకి జరిపాను. "ఎడమకి పోతోంది!" కుడికి జరిపాను. "కుడికి!" ఆర్పాను. "పోయింది!" మళ్లీ వేశాను.

ఫిన్లో ముందుకి వంగి అద్దం మీద వేలు పెట్టి రుద్ది చూశాడు.

"అయితే జోనీ... గీతలా?"

"నువ్వు చేత్తో గీసిన గీతలే, ఎదురుగా లైటు పడితే తెల్లగా మెరుస్తున్నాయి. అది గాజు కాదు బాబాయ్, ప్లాస్టిక్కు. ఆ మందుకి పొగచూరినట్టయింది, నీ పీచుకి చెక్కేసినట్టయింది. ఇదిగో, నట్ల కింద రబ్బర్లు అరిగిపోయాయి, అందుకే టకటక. ఇక్కడ పగులు చూడు, గాలి దూరి మూలుగుతోంది."

"మరి ఆ మలుపులోనే ఎందుకు?"

"అక్కడ ఎదురుగా ఏదైనా లైటుందా?"

ఆలోచించాడు.

"అక్క... పోయిన నెలలో పెరట్లో పెద్ద లైటు పెట్టించింది. మలుపు తిరగ్గానే మొహమ్మీద పడుతుంది. ఐలీష్, నాకు దారి కనబడాలని పెట్టించింది..."

కొత్త అద్దం అవతలి గట్టు నుంచి ఓడలో రావాలి. సముద్రం బాగాలేక ఓడ రెండు రోజులు కదల్లేదు. ఫిన్లో ఆగలేదు. పాత అద్దం నాచేత పీకించి, మొహం నిండా వాన కొట్టించుకుంటూ ఆ సాయంత్రమే కొండెక్కాడు. జోనీ లేదు. అక్క చేతికి కట్టు మార్చి, చేప ముల్లు తీసి పెట్టి, ఇన్నాళ్లూ వెళ్లనందుకు తిట్లు తిని వచ్చాడు.

అద్దం రాగానే కొత్త రబ్బర్లు వేసి బిగించాను. "చేత్తో బిగించి, పానాతో ఒక్క పావు తిప్పు చాలు. ప్రాణం పోయేలా బిగిస్తే పగులుతుంది. పురుగులు అంటుకుంటే తడిబట్ట పది నిమిషాలు కప్పి ఉంచు, నీళ్లు బాగా పోసి, పాత బనీనుతో నెమ్మదిగా తుడువు. మందుల్లేవు, పీచుల్లేవు, పొడిగా రుద్దడాల్లేవు." ఆయన మంత్రోపదేశం తీసుకుంటున్నట్టు తలూపాడు.

వారం పాటు పబ్బులో ఒకటే కోతలు. "జోనీనా? ఐలీష్ నాలుగు నట్లు విప్పి చెత్తబుట్టలో పడేసిందిరా!" అందరూ నవ్వారు. ఆ మలుపులో కుర్రాళ్లు బండ్లు ఆపి సిగరెట్లు కూడా కాల్చారు.

ఎనిమిదో రోజు పొద్దున్నే షెడ్డు తలుపు దబదబా బాదాడు.

"మోసం! పచ్చి మోసం! వారానికే గీతలు పడ్డాయి నీ అద్దానికి. నిన్న మళ్లీ కనబడింది. నట్లు కూడా వదులయ్యాయి, మళ్లీ అదే గోల!"

నీళ్లు పోసి కడిగాను. లైట్లు ఆర్పి టార్చి వేశాను. నీళ్లలా తేటగా ఉంది. ఒక్క గీత లేదు. నట్లు చూశాను. నాలుగూ గట్టిగా ఉన్నాయి. రబ్బర్లు కొత్తవి కొత్తగానే ఉన్నాయి.

టార్చి ఆర్పి లైట్లు వేశాను.

"బాబాయ్... నిన్న ఏం జరిగిందో సరిగ్గా చెప్పు."

"ఏముంది, అడ్డంగా నిలబడింది. నాకేం భయం? 'పోవే గీతల మొహమా, నీ బండారం నాకు తెలుసు' అని హారన్ కొట్టాను."

"కొడితే?"

"పక్కకి జరిగి దారిచ్చింది."

నేను పానా కింద పెట్టాను. ఆయనకింకా తట్టలేదు.

"తర్వాత ఆ నట్ల గోల. ఈసారి మూలుగు కూడా కాదే, అచ్చం మాటల్లా..."

"ఏమని?" అన్నాను నెమ్మదిగా.

కోపంగా నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. బండి వైపు చూశాడు... నా వైపు చూశాడు.

"ఐలీష్... 'అద్దం మార్చావా ఫిన్లో?' అంది... 'బాగుంది' అంది."