సుమలత చివరి పాటకు కోరస్

కోరుట్ల బస్టాండు వెనక సందులో ఉంది సుమలత మ్యూజియం. మ్యూజియం అంటే పెద్ద భవనం అనుకోకండి. డీజే పాటలతో మూడు జిల్లాలను ఊపిన గాయని చనిపోతే, తల్లి బాలలక్ష్మి ఇంట్లోనే రెండు గదులు ఖాళీ చేసి ఆమె వస్తువులు సర్దింది, అంతే. సిరిసిల్ల చీరలు, గజ్జెలు, దండలేసిన ఫొటోలు. లోపలి గదిలో ఆమె పాడిన రికార్డింగు క్యాబిన్.

నేను ఆమెకు ఆరేళ్లు కోరస్ పాడాను. పోస్టర్ల మీద మంజుల అనే పేరు ఎంత వెతికినా దొరకదు. ఆ ఉక్రోషంతోనే, చివరి పాట రికార్డింగుకు వస్తానని మాటిచ్చి, జ్వరమని అబద్ధం చెప్పి ఇంట్లో పడుకున్నాను. తగ్గితే వస్తానేమోనని నా కోసం చూసి చూసి, పొద్దుగూకాక ఆమె సిరిసిల్ల ప్రోగ్రాముకు బయలుదేరింది. దారిలో కారు లారీకి గుద్దుకుంది. ఆ పాటలో నా చోటు ఖాళీగానే ఉండిపోయింది.

మూడేళ్లు ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు వచ్చింది నా బిడ్డ ప్రీతి కోసం. దానికి పదేళ్లు. వచ్చే శుక్రవారం జగిత్యాల స్టూడియోలో మొదటి పాట. నాలాగా కోరస్ కాదు, ముందు గొంతు. సుమలత మైకు ఒక్కసారి ముట్టిస్తే మంచి జరుగుతుందని నా ఆశ. అడగడానికి ముఖం లేదు, అయినా తల్లిని కదా.

మా ఊరు మల్యాలలో బస్సెక్కి మిట్టమధ్యాహ్నానికి చేరాం. మేం తప్ప ఎవరూ లేరు. బాలలక్ష్మి నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేదనిపించింది. రిజిస్టరు చేతికిచ్చింది.

"చూసినంక ఎట్లున్నదో రాయి బిడ్డా."

పేజీలు తిప్పాను. "చీరలు బాగున్నాయి." "ఫ్యాన్ తిరగడం లేదు." "అక్కా, నీలాంటి గొంతు మళ్లీ రాదు." వాటి మధ్య, పోయిన దసరా తేదీతో ఒకటి కనబడింది. "చివరి పాటలో చిన్నపాప కోరస్ చాలా బాగుంది."

"పెద్దమ్మా, గా పాటకు కోరస్ ఎవరు పాడిండ్రు?"

"ఎవరు పాడుతరు? నువ్వు రాకపోతివి. గట్లనే ఖాళీగున్నది." ఆమె గొంతు తగ్గించింది. "పాట ఇనుండ్రి గని, ఆ ఖాళీల బదులు మాత్రం పాడకుండ్రి."

తల ఎత్తి చూస్తే ప్రీతి పక్కన లేదు.

క్యాబిన్ తలుపు తెరిచి ఉంది. లోపల పౌడరు వాసన, ఎండిన మల్లెల వాసన. గోడలకు మందమైన స్పాంజి. అడుగు పెడితే నా చెప్పుల చప్పుడు కూడా వినబడలేదు. ప్రీతి హెడ్‌ఫోన్ పెట్టుకుని మైకు ముందు నిలబడి ఉంది. హెడ్‌ఫోన్ లోంచి సన్నగా సుమలత గొంతు...

*ఎంతసేపు నిలవడుదు వాకిట్లా...*

తర్వాత ఖాళీ. నాలుగు దరువులు. అది నా చోటు.

ప్రీతి అందుకుంది.

*అస్తున్న అక్కా, జరంత ఆగే...*

ఆ మాటలు సుమలత నాకొక్కదానికే ఫోన్లో నేర్పింది. నేను ఎవరికీ చెప్పలేదు. ఎక్కడా పాడలేదు.

"ప్రీతీ, తియ్యి అది."

అప్పుడే కరెంటు పోయింది. చీకటి... పాట వినిపించే కంప్యూటరు మీది చిన్న ఎర్ర లైటు కూడా ఆరిపోయింది. పాట మాత్రం ఆగలేదు. గొంతు ఇంకా దగ్గరికి వచ్చింది.

*ఎంతసేపు నిలవడుదు...*

"అమ్మా," గుసగుసగా అంది నా బిడ్డ, "ఇంక నాలుగు చరణాలున్నయంట."

"ఎవరు చెప్పిండ్రు?"

దాని చేయి పట్టి లాగాను. అవతల నుంచి కూడా ఎవరో పట్టుకున్నట్టు... కదలలేదు. నా బలమంతా పెట్టి గుంజాను.

బయట ఎండలో పడ్డాక, పాపకు మాట లేదు.

ఆరు రోజులైంది. గొంతులో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. మాట్లాడదు, ఏడవదు. అప్పుడప్పుడు ఏదో వింటున్నట్టు ఆగి, చప్పుడు లేకుండా పెదాలు కదిలిస్తుంది. ఆ పెదాలను చదవడం నాకు వచ్చు, అవి నా కోరస్ మాటలే.

అందుకే ఈరోజు ఒక్కదాన్నే మళ్లీ వచ్చాను. బాకీపడ్డది నేను. నా గొంతు ఇచ్చేస్తాను, నా బిడ్డ గొంతు తిరిగి ఇస్తే చాలు. బాలలక్ష్మి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. వద్దనలేదు.

లోపలికి పోయే ముందు ఎందుకో రిజిస్టరు తెరిచాను. అదే పేజీ. అదే దసరా తేదీ. పాప గురించి రాసిన దాని కిందే, వెలిసిపోయిన నీలం సిరాతో మరో చేతిరాత ఉంది. ఆ రోజు నేను చూడలేదో, ఆ రోజు అది లేదో చెప్పలేను.

"చివరి చరణంలో తల్లీబిడ్డలు ఇద్దరూ కలిసి పాడారు. చక్కగా కుదిరింది."

ఇద్దరూ...

లోపల క్యాబిన్లో పాట మొదలైంది. వాకిట్లో ఎంతసేపు నిలబడాలని అడుగుతోంది. తర్వాత ఖాళీ. నాలుగు దరువులు.

నేను ఇంకా నోరు తెరవలేదు. మల్యాలలో ఇంట్లో పడుకోబెట్టి వచ్చిన నా బిడ్డ గొంతు, క్యాబిన్ తలుపు అవతల నుంచి, నా కోసం ఆగకుండా నా వంతు కూడా అందుకుంది.