పంపుహౌసు హారన్‌లో ఆంజినప్ప గొంతు

కుందుర్పికి పడమటి దిక్కున, ఎండిపోయిన వంక గట్టు మీద ఒక పంపుహౌసు ఉంది. చీకటి పడ్డాక ఆ దారిన నడవడానికి ఆ పల్లెలో ఎవరూ ఒప్పుకునేవారు కారు. గొర్రెల మందలు తోలుకొచ్చేవాళ్ళు సైతం వంక అవతలి ఒడ్డు పట్టుకుని, చుట్టు తిరిగి ఇల్లు చేరేవారు.

కారణం అడిగితే ముందుగా గడపను చూపేవారు. పంపుహౌసు కట్టిన మేస్త్రీ, పొలంలో పడివున్న ఒక వీరగల్లును తెచ్చి, బొమ్మ కిందికి పోయేలా బోర్లా తిప్పి, గడపగా వేశాడు. పోరాటంలో చచ్చిన వీరుడి రాయి అది. దాన్ని తొక్కుకుంటూ లోపలికి పోతే ఊరకే వదులుతాడా… ఇదీ ఊరి వాదన.

పాత రాళ్ళ మీద ఆసక్తితో నేనూ ఒకసారి వెళ్ళాను. నేల మీద పడుకుని, అద్దంతో వెలుతురు పట్టి, అంచున కనిపించినంత మేర చదివాను. ఆవుల మందను కాపాడబోయి చనిపోయిన ఒక పల్లెటూరి మనిషి జ్ఞాపకం. అంతకు మించి ఏమీ లేదు. చనిపోయినవాళ్ళు తిరిగి వస్తారనడానికి నా చదువులో ఎక్కడా ఆధారం దొరకలేదు. రాతిని మళ్ళీ వాడుకునేవాడు పాత అక్షరాలను చెక్కివేయకపోతే అవి అడుగున అలాగే ఉంటాయి — నేను ఒప్పుకోగలిగిన సత్యం అంతవరకే.

అనంతపురం తిరిగొచ్చాక ఆ మాటే విష్ణువర్ధన్‌తో అన్నాను. మా పక్కవీధి యువకుడు. బోరు మోటార్లకు కంట్రోలర్ పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో, సీ భాషలో ప్రోగ్రాములు రాసేవాడు. నాతో కలిసి నవ్వుతాడనుకున్నాను.

నవ్వలేదు.

“ఆ పంపుహౌసు పెట్టెలో ప్రోగ్రాము నాదే అన్నా” అన్నాడు.

ఆ తర్వాత అతని నోట విన్నదే ఇక్కడ రాస్తున్నాను.

అది 2003 వేసవి. త్రీ ఫేజు కరెంటు రాత్రిపూటే వచ్చేది. కాబట్టి నీళ్ళూ రాత్రిపూటే. ఉన్న కాసిని నీళ్ళను ఒక్కో వీధికి వంతులవారీగా వదిలేవారు. వాటర్‌మ్యాన్ ఆంజినప్ప పంపుహౌసులో మైకు పట్టుకుని ఏ వీధి వంతో చెప్పేవాడు. పెట్టె ఆ మాటను తన మెమరీలో దాచుకుని, వాల్వు తెరుచుకున్నాక, ట్యాంకు మీది హారన్‌లో రెండుసార్లు వినిపించేది. ఆ పిలుపు వింటేనే ఆడవాళ్ళు బిందెలతో కదిలేవారు.

శివరాత్రి వెళ్ళిన కొన్నాళ్ళకు, ఒక తెల్లవారుజామున, ఆంజినప్ప ఆ పంపుహౌసులో శవమై కనిపించాడు. కాలి మీద పాముకాటు. మైకు చేతికి అందే దూరంలోనే ఉంది. పిలిచి ఉంటే ఊరంతా పరుగెత్తుకొచ్చేది. ఎవరికీ పిలుపు వినపడలేదు… కనుక తాగి ఒళ్ళు తెలియక పడివున్నాడని ఊరు తేల్చేసింది.

ఆయన భార్య తిప్పమ్మ ఒక్కతే కాదన్నది. ఆ మనిషి సారా ముట్టేవాడు కాడని ఆమె కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంది. కొళాయి దగ్గర ఆమె బిందె ఎత్తుకోగానే వెనక నవ్వులు వినపడేవి.

కొత్త వాటర్‌మ్యాన్‌గా కుళ్ళాయప్ప వచ్చాడు. ఒక రాత్రి అతను మైకులో వీధి పేరు చెప్పాడు. హారన్ రెండుసార్లు పలికింది. ఆ తర్వాత ఆగిపోవాలి. ఆగలేదు. కొంచెంసేపు గరగర… ఆ గరగరలోంచి, ఊరందరికీ తెలిసిన గొంతు —

“…తిప్పమ్మా… లైటు తెచ్చుకొని రా…”

మరుసటి రాత్రీ అదే. ఆ పిలుపు ఆగిన కాసేపటికి, వంక గట్టు మీద ఒక దీపం కదులుతూ పంపుహౌసు వైపు పోవడం చూశామని కొందరన్నారు. అంతటితో ఆ నీళ్ళు పట్టడం మానేశారు. ఆడవాళ్ళు మిట్ట మీది చీనీ (బత్తాయి) తోట బోరు దాకా నడిచి, బిందెలు మోసుకొచ్చుకునేవారు. సంగతి కంపెనీకి చేరింది. కంపెనీ విష్ణువర్ధన్‌ను పంపింది.

అతను చేరేసరికి చీకటి పడింది. కుళ్ళాయప్ప మైకు తీగను తలుపు బయటి దాకా లాగి, దూరంగా నిలబడ్డాడు.

“నేను గడప దాటను సార్” అన్నాడు గుసగుసగా. “ఈడ నుంచే చెప్తా.”

“దెయ్యం బయటికి రాదా మరి?”

“వస్తే ముందు మీరు ఉండారు కదా.”

విష్ణువర్ధన్ నవ్వి, కానివ్వమన్నాడు. కుళ్ళాయప్ప మైకు నోటికి ఆనించుకున్నాడు.

“పడమటి వీధికి నీళ్ళు వదిలినాము…”

హారన్ రెండుసార్లు పలికింది. నిశ్శబ్దం. గరగర…

“…తిప్పమ్మా… లైటు తెచ్చుకొని రా…”

విష్ణువర్ధన్ నవ్వు ఆగిపోయింది. ఇంతలో కుళ్ళాయప్ప అతని మోచేయి పట్టుకున్నాడు.

“సార్… అదిగో.”

గట్టు మీద దీపం. నేలకు దగ్గరగా ఊగుతూ, ఆగుతూ, మళ్ళీ ఊగుతూ… వాళ్ళ వైపే. అడుగుల చప్పుడు లేదు. కుళ్ళాయప్ప ఉన్నచోటే కూలబడ్డాడు. దీపం దగ్గరకొచ్చింది. ఇంకా దగ్గరకు… దాని వెనక ఒక చెయ్యి, చెయ్యి వెనక ఒక ముఖం.

తిప్పమ్మ. చెప్పుల్లేని కాళ్ళు, చేతిలో లాంతరు.

“లైటు తెమ్మన్నాడు కదప్పా. తెచ్చినా” అని, వీరగల్లు గడప మీద కూర్చుంది.

“ఈ లైటు నీదా అత్తా?” కుళ్ళాయప్ప నేల మీంచి లేచాడు. “ఇన్ని దినాలూ ఊరంతా తలుపులేసుకొని సచ్చినాము.”

“ఒక్కడన్నా నిలబడి చూసింటే కదా, నాదో కాదో తెలిసేది.”

విష్ణువర్ధన్ లోపలికి వెళ్ళి పెట్టెకు తన ల్యాప్‌టాప్ తగిలించాడు. కారణం తేలడానికి ఎంతోసేపు పట్టలేదు.

ప్రోగ్రాము అడిగినప్పుడు మెమరీలోంచి ఖాళీ ముక్కను ఇచ్చి, పని అయ్యాక తిరిగి తీసుకునే భాగం ఒకటుంటుంది. దాన్ని మెమరీ అలొకేటర్ అంటారు. అది ఎలా నడుచుకోవాలో ఒక ఫైల్లో, అవునంటే ఒకటి, కాదంటే సున్నా అని ముందే రాసిపెట్టాలి. ఆ తర్వాతే కంపైల్ చేస్తారు, అంటే యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మారుస్తారు. కంపైల్ అయ్యాక ఆ నిర్ణయాలు రాతిలో చెక్కినట్టే. పెట్టె ఊరు చేరాక అక్కడివాళ్ళు మార్చలేరు.

తిరిగొచ్చిన ముక్కలో పాతదాన్ని తుడవాలా? అక్కడ విష్ణువర్ధన్ సున్నా పెట్టాడు. తుడుస్తూ కూర్చుంటే పెట్టె నెమ్మదిస్తుందని. బిందెను కడక్కుండానే మళ్ళీ వరుసలో పెట్టినట్టు. కుళ్ళాయప్ప మాట చివరి ముక్కలో సగమే నింపేది. రెండోసారి మాట అయిపోయినా హారన్ ఆగక, ఆ ముక్క మొత్తాన్నీ పలికేది. మిగిలిన సగంలో పాత గొంతు. పెట్టెకు బ్యాటరీ ఉంది కనుక కరెంటు పోయినా అది పోలేదు.

దెయ్యం లేదు. ఇంత చిన్న సంగతి.

కానీ… ఆంజినప్ప ఆ మాట ఎప్పుడన్నాడు? హారన్‌లో అని ఉంటే ఊరికి వినపడి ఉండాలి కదా.

ఇంకా ఎవరూ తాకని పాత ముక్కలు మెమరీలో అక్కడక్కడా పడివున్నాయి. వాటిని ఏరి, వరుసలో పేర్చి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు.

“ఎవరన్నా రాండప్పా… పాము కరిచింది… కాలు ఆడ్డం లేదు… తిప్పమ్మా… లైటు తెచ్చుకొని రా…”

ఆ తర్వాత ఊపిరి మాత్రమే.

ఆ ఫైల్లో మరో సున్నా ఉంది. అడిగినంత పెద్ద ముక్క దొరకకపోతే అలొకేటర్ అలారం మోగించాలా? ఆఫీసులో పరీక్షిస్తున్నప్పుడు ఆ అలారం మాటిమాటికీ మోగి విసిగిస్తోందని, అక్కడా సున్నా పెట్టాడు. ఆ రాత్రి మెమరీ అంతా చిన్న చిన్న ముక్కలై ఉంది. హారన్‌కు పంపడానికి కావలసినంత పెద్దది ఒక్కటీ లేదు. అలొకేటర్ లేదంది. ప్రోగ్రాము మారు మాట్లాడకుండా, ఒక మనిషి చావుకేకను అయిపోయిన పనిగా లెక్కగట్టి, ఆ ముక్కలను తిరిగి ఇచ్చేసింది.

ఒక సున్నా వల్ల ఆ పిలుపు ఎవరికీ చేరలేదు. ఇంకో సున్నా వల్ల చెరిగిపోలేదు.

రెండు సున్నాలనూ ఒకట్లుగా మార్చి, మళ్ళీ కంపైల్ చేసి పెట్టెలో ఎక్కిస్తే సరిపోతుంది. దెయ్యం వదులుతుంది, ఆడవాళ్ళు మళ్ళీ ఇక్కడే నీళ్ళు పట్టుకుంటారు, ఊరు కొబ్బరికాయ కొట్టి పంపిస్తుంది. ఆంజినప్ప తాగుబోతుగా మిగిలిపోతాడు; అంతే. ఎవరికీ ఏమీ తెలియదు. అతని వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి. ఉన్నాయి గానీ… కదల్లేదు.

“ఏమప్పా, దొరికినాడా?” గడప దగ్గర నుంచి తిప్పమ్మ అడిగింది.

“దెయ్యం కాదక్కా. పాత మాట. పెట్టెలో ఉండిపోయింది.”

“పాతదంటే… ఎప్పటిది నాయనా?”

అతను ఇయర్‌ఫోన్ తీసి ఆమె చెవికి పెట్టాడు. ఆమె మొదటి నుంచి చివరి దాకా విన్నది. ఏడవలేదు. ఇంకోసారి పెట్టమన్నది. మళ్ళీ విన్నది.

“తాగినోని మాట మాదిరి ఉండాదా ఇది?”

“లేదక్కా.”

“అయితే నా ఒక్కదాని చెవిలో ఎందుకప్పా? నవ్వినోళ్ళందరికీ వినిపించు.”

కుళ్ళాయప్ప తల దించుకున్నాడు. నవ్వినవాళ్ళలో అతనూ ఉన్నాడు.

ముక్కలన్నింటినీ వరుసగా హారన్‌కు పంపడానికి విష్ణువర్ధన్‌కు కొంతసేపు పట్టింది. తర్వాత మీట నొక్కాడు.

ట్యాంకు మీంచి ఆంజినప్ప పిలిచాడు. వంక మీదుగా, ఇళ్ళ కప్పుల మీదుగా, మూసిన తలుపుల మీదుగా… పూర్తి పిలుపు. రెండుసార్లు.

ఊళ్ళో ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకొకటి. ఒక టార్చి వెలిగింది, ఒక లాంతరు వెలిగింది, ఎవరిదో మోటారుసైకిలు లైటు వెలిగింది. అన్ని లైట్లూ గట్టు ఎక్కాయి. అన్నీ ఇటే వస్తున్నాయి — ఆ రాత్రి రావలసినట్టుగా.

పంపుహౌసు ముందు వచ్చి ఆగాయి. విష్ణువర్ధన్ గడప మీదికి వచ్చాడు.

తిప్పమ్మ లేచి, లాంతరును విష్ణువర్ధన్ ముఖం దాకా ఎత్తింది.

“ఇంత గట్టిగా పిలిచినాడే… ఆ రాత్రి మాకెందుకు వినపళ్ళేదప్పా?”

“పెట్టె చెడిపోయింటుంది అత్తా” అన్నాడు కుళ్ళాయప్ప, అతని తరఫున.

విష్ణువర్ధన్ గడప మీంచి పక్కకు దిగాడు. ఇప్పుడు అన్ని లైట్లూ అతని మీదే ఉన్నాయి.

“పెట్టె చెడిపోలేదు కుళ్ళాయప్పా” అన్నాడు. “నేను చెప్పినట్టే చేసింది.”