ఆపరేషన్ కొరికిన నాన్

కల్నల్ రౌషన్ టీ కప్పును అంచుదాకా నింపి తొలెగెన్ ముందుకు జరిపింది.

అల్మాటీలో కప్పు సగమే నింపితే ఇంకాసేపు కూర్చోమని అర్థం. అంచుదాకా నింపితే ఇక లేచి వెళ్ళమని. తొలెగెన్ ఇంకా కూర్చోనే లేదు.

"పని చెప్పకుండానే పొమ్మంటున్నారేంటి ఆపా?"

"టైం లేదు. నిలబడే విను."

పొద్దున పదకొండున్నర. యూనివర్సిటీ రాజనీతిశాస్త్ర విభాగం, రెండో అంతస్తు. తలుపు మీద 'ప్రాంతీయ సమైక్యతా సిద్ధాంతాల అధ్యయన కేంద్రం' అని బోర్డు. తొమ్మిదేళ్ళలో ఒక్క విద్యార్థి కూడా ఆ తలుపు తట్టలేదు. గూఢచారి శాఖకి అంతకంటే భద్రమైన చోటు ఆ దేశంలో లేదు.

లోకానికి తొలెగెన్ అంతర్జాతీయ సంబంధాలు చెప్పే లెక్చరర్. శాఖకి ఏజెంట్ సక్సౌల్. నలభై నాలుగేళ్ళు. కూర్చుంటే మోకాలు ఊగుతుంది, నిలబడితే మడమ ఊగుతుంది. గూడ్సు బండి కింద వేలాడుతూ కునుకు తీసిన మనిషే గానీ, స్టాఫ్ మీటింగులో పది నిమిషాలు కుదురుగా కూర్చున్న రికార్డు లేదు.

కల్నల్ గబగబా చెప్పుకుపోయింది. ఎల్లుండి నది నీళ్ళ మీద ఎగువ దేశంతో చర్చలు. మనం ఎంతవరకు తగ్గగలమో రాసిన కాగితం ఒక్కటే ఉంది. దాన్ని ఎవరో ఫొటో తీశారు. ఫొటో గోరంత చిప్‌లోకి ఎక్కింది. చిప్ రహస్యాలమ్ముకునే లాంతర్ ముఠా చేతిలో పడింది. ఆ కాగితం అవతలివాళ్ళు ముందే చదివేస్తే, మనం చర్చలకి వెళ్ళడం పేకముక్కలన్నీ నుదుటికి అంటించుకుని ఆటకి కూర్చోవడమే.

ఫోన్లూ నెట్టూ అన్నీ నిఘాలో ఉన్నాయి. అందుకని ముఠా దాన్ని ఒక మనిషి చేతికిచ్చి పంపుతోంది. ఆ మనిషి పేరు అయజాన్, ఇరవై రెండేళ్ళు. ఇవాళ సాయంత్రం ఆరు గంటల ఫ్లైట్‌లో యూరప్ వెళ్తోంది, అంతర్జాతీయ సంబంధాల్లో ఎంఏ చెయ్యడానికి. తన సామానులో ఏం వెళ్ళబోతోందో ఆ పిల్లకి తెలియదు.

"ఎయిర్‌పోర్టులో దొరికితే దేశద్రోహం, పన్నెండేళ్ళు. మనం ఆపితే చదువు పోతుంది. ఐదు యూనివర్సిటీలు కాదన్నాక ఆరోది రమ్మంది. రేపు చేరకపోతే సీటు ఇంకొకరికి. కాబట్టి పిల్లని ఆపకూడదు, భయపెట్టకూడదు, చిప్‌ని ఎక్కనివ్వకూడదు."

"సామాను వెతికారా?"

"రాత్రే చూశాం. ఏం లేదు. వీడ్కోలు భోజనంలో చేతికిస్తారట. మూడింటికి టాక్సీ."

ముఠాలో మన మనిషి ఒకరున్నారు. కోడ్ నేమ్ పిచ్చుక. మగో ఆడో కల్నల్‌కి కూడా తెలియదు. గుర్తు పట్టడానికి మాత్రం కోడ్ ఉంది. 'థీసిస్ ఎంతవరకొచ్చింది' అని అడగాలి. 'ముగింపు రాసేశాను, మొదలే మిగిలింది' అని జవాబు రావాలి.

తొలెగెన్‌కి తెల్ల గడ్డం అంటించారు, వెల్వెట్ టోపీ పెట్టారు, చెవిలో వినికిడి యంత్రం దూర్చారు. అందులో కల్నల్ గొంతు వినిపిస్తుంది. చేతికి ఒక కర్ర ఇచ్చారు. చిప్ దగ్గరికి వెళ్తే వణుకుతుందట. స్టెప్పీ మైదానాల నుంచి దిగిన గొర్రెల కాపరి, డెబ్బై ఎనిమిదేళ్ళ ఒరజ్‌బెక్ అతా తయారయ్యాడు. ఆ పిల్లకి పెదతాత వరస.

వెళ్ళబోతుంటే కల్నల్ ఊరుకోలేదు. "నువ్వూ ఇదే చదువుకి యూరప్ వెళ్ళావుగా ఒకప్పుడు. నువ్వు కొరికి వెళ్ళిన నాన్‌ని మీ అమ్మ వంటింట్లో దాచింది. బూజు పట్టేలోపే తిరిగొచ్చి తినేశావట."

"ఐదు నెలలున్నాను ఆపా," అన్నాడు తొలెగెన్. "రాయిలా ఎండిపోయింది. టీలో నానబెట్టుకుని తిన్నాను."

*

పిల్లని పెంచిన నాయనమ్మ కులాష్ ఆపా నాలుగో అంతస్తులో ఉంటుంది. నలభై ఏళ్ళు పోస్టాఫీసులో చేసిన మనిషి. ఊరందరి గుట్టూ తెలుసు, పెదవి మాత్రం విప్పదు. అందుకే ఈ సంగతి ఆమె ఒక్కదానికే చెప్పారు. తలుపు తీసి, గడ్డాన్ని పైనుంచి కిందికి చూసింది.

"మా వంశంలో ఇంత ఒత్తుగా ఎవడికీ రాలేదు. గోక్కోకు, ఊడుతుంది. ఏడు తరాల పేర్లు చెప్పమని ఎవరైనా అడిగితే చెవుడు నటించు."

లోపల పదిమంది ఇరుగుపొరుగు ఆడవాళ్ళు భోజనాలకి పరిచిన దస్తర్ఖాన్ చుట్టూ కూర్చున్నారు. బట్ట మీద బూరెల్లాంటి బౌర్సాకులు, ఎండు ద్రాక్ష, గుర్రం మాంసం, మధ్యలో పదకొండు ఫోన్లు. తొలెగెన్ అడుగు పెట్టగానే కర్ర వణకడం మొదలుపెట్టింది. పదకొండు ఫోన్లకీ పదకొండు రకాలుగా వణికింది. పెద్దాయనకి నరాల జబ్బనుకుని ఒకావిడ గుర్రం కొవ్వు మర్దనా చెయ్యమంది. ఇంకొకావిడ దుంపరసం మంచిదంది. ప్రభుత్వం వారి అధునాతన పరికరాన్ని తొలెగెన్ గోడకి ఆనించేశాడు.

అయజాన్ ఒకచోట కూర్చోవడం లేదు. పాస్‌పోర్టు తీసి చూస్తోంది, సంచిలో పెడుతోంది, మళ్ళీ తీస్తోంది. తొలెగెన్ మోకాలు, ఆ పిల్ల చెయ్యి ఒకే తాళంలో ఊగుతున్నాయి.

పన్నెండూ ముప్పావుకి ప్రొఫెసర్ వార్డెల్ వచ్చాడు. మూడేళ్ళుగా ఇక్కడి యూనివర్సిటీలో విజిటింగ్ ప్రొఫెసర్. ఈ ప్రాంతం మీద ఏడొందల పేజీల పుస్తకం రాశాడు. అయజాన్‌కి సిఫార్సు ఉత్తరం రాసింది కూడా ఆయనే. ఇక్కడి భాష బాగానే మాట్లాడతాడు. చంకలో ఆ పుస్తకం, చేతిలో గుడ్డలో చుట్టిన బండిచక్రమంత నాన్. ఆడవాళ్ళు కరిగిపోయారు. ప్రయాణమయ్యే పిల్లచేత నాన్ కొరికిస్తారని విదేశీయుడికి కూడా తెలిసిందే అని మురిసిపోయారు.

ఆయన వెనకాలే సల్తనత్. మనిషి కంటే ముందు సెంటు వచ్చింది. పచ్చటి పొడుగు కోటు, మేజోళ్ళతో సహా అంతా ఖరీదే. విదేశాల్లో చదవాలనుకునే పిల్లల దరఖాస్తులు దిద్దే ఆఫీసు నడుపుతుంది. ఆమె చెయ్యి పడితే అత్తెసరు మార్కుల విద్యార్థి కూడా ప్రపంచశాంతి కోసమే పుట్టినట్టు కనిపిస్తాడు.

"ఆ పచ్చకోటు ముఠా మనిషే, జాగ్రత్త," అంది చెవిలో కల్నల్.

తొలెగెన్ వరసగా ఒక్కొక్కరినీ థీసిస్ గురించి అడిగాడు. పక్కింటావిడ తనకి అలాంటి జబ్బేమీ లేదంది.

సరిగ్గా అప్పుడు కులాష్ ఆపా ఉడికించిన గొర్రె తలని పళ్ళెంలో పెట్టి, ముక్కు అతని వైపుకి తిప్పి, పక్కన కత్తి పెట్టింది. సభలో పెద్దవాడికి తల. కోసి పంచాల్సింది ఆయనే.

తొలెగెన్ కత్తి అందుకోలేదు.

అతని తండ్రి ఇదే ఊళ్ళో బతికి ఉన్నాడు. ఎనభై ఒక్క ఏళ్ళు, రిటైరైన ట్రామ్ డ్రైవర్, రోజూ ఫోన్ చేసి తిడతాడు. తండ్రి బతికుండగా కొడుకు గొర్రె తలని కొయ్యకూడదు. కోస్తే ఆయన చావు కోరినట్టే. మూడు రోజులు కొట్టినా పేరు చెప్పని మనిషి తొలెగెన్. ఇప్పుడు చెయ్యి కత్తి వైపు కదలనంటోంది. కానీ డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలాడికి తండ్రి ఉన్నాడంటే నమ్మేదెవరు?

"కొయ్యి. ఇది ఆర్డర్," అంది చెవిలో కల్నల్.

తొలెగెన్ వినికిడి యంత్రం తీసి జేబులో వేసుకున్నాడు.

గదంతా అతన్నే చూస్తోంది. సల్తనత్ చూపు మాత్రం అతని చేతుల మీద ఆగింది. చేతుల మీంచి గడ్డం మీదికి వెళ్ళింది. పెదవి చివర నవ్వింది.

"అతా, చెయ్యి వణుకుతోంది, మీకు కత్తెందుకు? ప్రొఫెసర్ గారు ఇంటికొచ్చిన అతిథి, ఆయనకి ఇవ్వండి," అంది. ఆయన తండ్రి ఉన్నారా అని పక్కింటావిడ అడిగింది. ఎప్పుడో పోయారన్నాడు ప్రొఫెసర్, అప్పటికే చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ. కోశాడు, ఫొటో తీయించుకున్నాడు. చిన్నపిల్లలకి పెట్టాల్సిన చెవిని తీసి కులాష్ ఆపా పళ్ళెంలో పెట్టాడు. ఈ వయసులో మాట వినడం నేర్చుకుంటానులే అందావిడ.

సల్తనత్ టీ పొయ్యడానికి వంగింది.

"అమ్మాయీ," అన్నాడు తొలెగెన్, "నీ థీసిస్ ఎంతవరకొచ్చింది?"

"ముగింపు రాసేశాను అతా. మొదలే మిగిలింది." అదే ఊపిరిలో గొంతు తగ్గించింది. "చిప్ ఆయన దగ్గరే. ఎక్కడ పెట్టాడో నాకూ చెప్పలేదు. పుస్తకంలో లేదు, కుట్లు విప్పి చూశాను. మీ నాన్నగారికి నా సలాం చెప్పండి."

*

రెండున్నర. తొలెగెన్ సంచి తడిమాడు. చెప్పుల అర వెతికాడు. ముసలాడికి మతి చెదిరిందేమో అన్నట్టు చూశారు అందరూ. రెండూ నలభై. ప్రొఫెసర్ హాయిగా ద్రాక్ష నములుతున్నాడు.

అయజాన్ వచ్చి పక్కన చతికిలబడింది. పాస్‌పోర్టు చేతిలోనే ఉంది.

"అతా, ఐదుచోట్ల వద్దన్నారు. ఈ ఆరోవాళ్ళు పొరపాటున రమ్మన్నారేమో. వెళ్ళాక, నువ్వు కాదు ఇంకెవరో అంటారేమో."

మొదటి రోజు క్లాసులో ప్రపంచమంతా తెలిసినట్టు మాట్లాడే పిల్లల మధ్య తను ఎలా కూర్చున్నాడో తొలెగెన్‌కి గుర్తొచ్చింది. తనని తను ఇంటికి పంపేసుకున్నాడు. ఎవరూ పొమ్మనలేదు.

"నీ పక్కన కూర్చునేవాడికీ అదే భయం ఉంటుంది," అన్నాడు. "వాడు చెప్పడు, అంతే. ఐదు నెలలు మాత్రం గట్టిగా ఓర్చుకో. ఆ తర్వాత కష్టం లేదు."

ఐదు నెలల లెక్క ఈ గొర్రెల కాపరికెలా తెలుసని ఆ పిల్ల అడగబోయింది. కింద టాక్సీ హారన్ కొట్టింది.

అందరూ లేచారు. కులాష్ ఆపా ప్రొఫెసర్ తెచ్చిన నాన్ తీసి మనవరాలి నోటి దగ్గర పెట్టింది. అయజాన్ ఒక అంచు కొరికింది. ముసలావిడ కళ్ళు తుడుచుకుని, మిగతా నాన్‌ని గుడ్డలో చుట్టి వంటింటి వైపు తిరిగింది.

"ఆపా, అది అమ్మాయికి ఇవ్వండి," అన్నాడు ప్రొఫెసర్.

"దేనికి?"

"దారిలో తినడానికి. అక్కడ మా వాళ్ళు ఎదురొస్తారు, వాళ్ళతో పంచుకుంటుంది. అదే కదా మీ ఆచారం."

ఆచారంలో కొరికిన నాన్ గడప దాటదు. అది ఇంట్లోనే ఉండి, వెళ్ళిన మనిషిని వెనక్కి పిలుస్తుంది. మనిషి వచ్చి మిగతాది తింటేనే ప్రయాణం పూర్తయినట్టు. మూడేళ్ళ పిల్లకి కూడా తెలిసిన సంగతి. ప్రొఫెసర్ పుస్తకం మూడొందల పన్నెండో పేజీలో మాత్రం 'బాటసారికి నాన్ ఇచ్చి సాగనంపుతారు' అని ఉంది. కింద ఆధారం, ఆయనదే పాత వ్యాసం.

విదేశీయుడు పొరబడ్డాడు, పోన్లే అని నవ్వేశారు ఆడవాళ్ళు. తొలెగెన్ నవ్వలేదు. తెలియకపోవడం సరే, కానీ ఆయన నుదుటి మీద ఆ చెమట ఎందుకు?

ప్రొఫెసర్ వినలేదు. ఇది రెండు సంస్కృతుల వారధి అన్నాడు, తన గుర్తుగా ఉండాలన్నాడు. అంటూనే కులాష్ ఆపా చంకలోంచి నాన్ లాగేసి, అయజాన్ సంచి జిప్ తీసి, సగం దూర్చేశాడు. అయజాన్ చెయ్యి తలుపు గడియ మీద ఉంది. మళ్ళీ హారన్.

లాక్కుంటే పిల్లకి తెలిసిపోతుంది. అరెస్టు చేస్తే ఫ్లైట్ పోతుంది. తొలెగెన్ దగ్గర తుపాకీ ఉంది, పనికిరాదు. కర్ర ఉంది, అసలే పనికిరాదు. మిగిలింది జిగురుతో అంటించిన గడ్డం ఒక్కటే.

రెండు అరచేతులూ ఆకాశానికి చాచాడు.

పెద్దవాళ్ళు దీవెనకి చేతులెత్తితే గదిలో అందరి చేతులూ లేవాలి. పదిమంది ఆడవాళ్ళవీ లేచాయి. సల్తనత్‌వి లేచాయి. అయజాన్ గడియ వదిలి చేతులు చాచింది. ప్రొఫెసర్ ఒక్కడే నాన్ పట్టుకుని నిలబడ్డాడు. పదమూడు జతల కళ్ళు ఆయన్నే చూశాయి. కాసేపటికి నాన్‌ని సంచిలోంచి తీసి దస్తర్ఖాన్ మీద పెట్టి, ఆయనా అరచేతులు చాచాడు.

"నీ దారి తెల్లగా ఉండాలి, నా ఒంటెపిల్లా," అన్నాడు తొలెగెన్. గొంతు నిజంగానే ముసలిదైంది. "దేశాలు ఎందుకు కొట్టుకుంటాయో చదువుకో. కొట్టుకున్నాక ఎలా కూర్చుని మాట్లాడుకుంటాయో అంతకంటే బాగా చదువుకో. ఎవరైనా నిన్ను చూసి నవ్వితే నువ్వూ నవ్వు, క్లాసు మాత్రం మానకు. ఈ నాన్ ఇక్కడే ఉంటుంది. తిరిగొచ్చి మిగతాది నువ్వే తినాలి. ఔమీన్."

"ఔమీన్," అని అందరూ చేతులతో ముఖాలు తుడుచుకున్నారు. దీవెన అయ్యాక దస్తర్ఖాన్ మీద వస్తువు అతిథి ముట్టుకోకూడదు. ప్రొఫెసర్ చెయ్యి ముందుకి వచ్చింది. పదిమంది ఆడవాళ్ళు ఆ చెయ్యిని చూశారు. చెయ్యి వెనక్కి వెళ్ళింది. కులాష్ ఆపా నాన్ తీసుకుని వంటింట్లోకి నడిచింది.

మూడూ ఏడుకి టాక్సీ కదిలింది. వీధిలో అందరూ చేతులూపుతుండగా కళ్ళజోడు మరిచానని ప్రొఫెసర్ పైకి పరుగెత్తాడు. వంటింట్లో స్టూలు మీద ఒరజ్‌బెక్ అతా ఉన్నాడు. గడ్డం ఒక చెవికి వేలాడుతోంది. ఒళ్ళో నాన్ బోర్లా ఉంది. అడుగున బ్లేడుతో కోసి, తేనెతో అతికిన చీలిక. వేలి మీద గోరంత చిప్.

వెనక్కి తిరిగితే గుమ్మంలో పచ్చకోటు. సల్తనత్ చేతిలో బేడీలు కూడా సెంటు వాసనే వేశాయి.

"మూడొందల పన్నెండో పేజీ దిద్దుకోండి సార్," అంది.

*

చర్చలు జరిగాయి. మనవాళ్ళు తగ్గాల్సినంతే తగ్గారు. తొలెగెన్ తండ్రికి సలాం అందింది. పంపింది ఎవరు, పెళ్ళయిందా అని ఆయన రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు.

ఒక్క చిక్కు మిగిలింది. చిప్ దాచిన నాన్‌ని కోర్టు చూడాలంది. శాఖ ముగ్గురిని పంపింది. కులాష్ ఆపా ముగ్గురికీ కప్పులు అంచుదాకా నింపి పంపేసింది. పిల్ల వచ్చి తినేదాకా అది గడప దాటదట. చివరికి కల్నల్ రౌషన్ తనే ఫైల్లో రాసింది: 'సాక్ష్యం నంబర్ ఒకటి. నాన్, కొరికినది. ఉన్నచోటు, కులాష్ ఆపా వంటింటి పైఅర. కోర్టుకి చూపే తేదీ, అయజాన్ చదువు పూర్తయ్యాక, ఆమె తినకముందు.'

అయజాన్ వెళ్ళిన ఆరో నెలలో ఒకరోజు కల్నల్ తొలెగెన్‌ని పిలిచింది. అతను నిలబడే ఉన్నాడు, మడమ ఊగుతోంది.

"ఆ పిల్ల థీసిస్ ఎంతవరకొచ్చిందట?"

"రెండో అధ్యాయంలో ఇరుక్కుందట ఆపా. బాగానే ఉందట."

కల్నల్ నిట్టూర్చి, అతని కప్పు సగమే నింపింది.